చొక్కా తొడిగిన ఫ్లాస్కు

మెట్లెక్కే వాళ్ళ అడుగుల చప్పుడు వింటే చాలు, వాళ్ళు మోసుకొస్తున్న కష్టం ఎంత బరువుదో చెప్పేస్తానని జలగ గారి గుమాస్తా ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. ఆ ఉదయం మాత్రం అతని అంచనా తలకిందులైంది. మెట్లు దడదడలాడుతుంటే ఏ పహిల్వానో వస్తున్నాడనుకుని ఉన్నవాటిలో గట్టి కుర్చీ ముందుకు లాగాడు. వచ్చింది ఒక లావుపాటి ఆవిడ. ఆవిడ చెయ్యి పట్టుకుని, కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో తెలియనట్టు, తెల్లబట్టల నర్సింగు విద్యార్థిని ఒకతె. చప్పుడంతా మేనత్తది, కష్టమంతా మేనకోడలిది.

జలగ గారంటే గడియారాలు బాగుచేసే కొట్టు పైగదిలో ఉండే ప్రైవేటు డిటెక్టివు. మనిషి బక్కపలచన, మాట మెత్తన. ఒక సంగతిని పట్టుకున్నాడంటే అది నిజం కక్కేదాకా వదలడు. పోలీసులు వెక్కిరింపుగా పెట్టిన ఆ పేరునే ఆయన రంగులద్దించి బోర్డు మీద రాయించుకున్నాడు. ఇక గుమాస్తా చెప్పే కథలకు అడ్డూ ఆపూ లేదు. గోడ అవతల ఎవడో తుమ్మితే ఆ తుమ్ము విని వాడు దొంగసాక్షి అని జలగ గారు తేల్చేశాడట. అందులో తుమ్ము వరకు నిజం. మిగతాది గుమాస్తా సొంతం.

కూర్చోమంటే అత్త కూర్చుంది, పిల్ల నిలబడే ఉంది. అత్త ఏడ్పూ కోపమూ కలగలిపి చెప్పిన దాని సారాంశం ఇది. ఈ పిల్ల చదివే నర్సింగు స్కూలుకు ఆనుకునే ఆస్పత్రి. అక్కడి వార్డులో ఒక దర్జీ ఉన్నాడు. ఎప్పుడో అతని కాలి పిక్కలో రక్తం గడ్డ కట్టింది. మళ్ళీ కట్టకుండా రోజూ సాయంత్రం ఒక బిళ్ళ వేసుకోవాలి. నిన్న తెల్లవారి పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి మొదలైన నెత్తురు ఎంతకీ ఆగలేదు. ముక్కు నుంచీ నెత్తురే, కడుపులోనూ కారి మలం నల్లగా పోయింది. విరుగుడు సూదిమందు ఇచ్చి, రక్తం ఎక్కించి ఎలాగో నిలబెట్టారు. అంతకు ముందు సాయంత్రం బిళ్ళ ఇచ్చింది ఈ పిల్లే. రెండుసార్లు ఇచ్చిందని టీచరమ్మ అంటోంది. స్కూలు నుంచి పేరు కొట్టేస్తారట. దర్జీకి జరగరానిది జరిగితే పోలీసు కేసు కూడా తప్పదట.

"మా పిల్ల అందరిలో పలచనైపోయిందండీ" అంది అత్త. "నిన్నటిదాకా అక్కా అక్కా అని తిరిగినవాళ్ళు కంచం కూడా దూరంగా పెట్టుకుంటున్నారు."

"నువ్వు చెప్పమ్మా" అన్నాడు జలగ గారు. "రెండుసార్లు ఇచ్చావా?"

"ఒక్కసారే సార్. రెండోసారి మంచినీళ్ళు అడిగితే తీసుకెళ్ళాను." ఆగి, గొంతు తగ్గించింది. "ఇచ్చింది ఒక్కసారే అని నిన్న పొద్దున నాకు బాగా తెలుసు. అందరూ అన్నదే అంటుంటే ఇవాళ నాకే అనుమానంగా ఉంది."

ఆ మాటకు జలగ గారి ముఖం మారింది. చెయ్యని తప్పు చేశానేమో అని మనిషికి తోచడం మొదలైతే, ఇక ఎవరూ నేరం మోపక్కర్లేదు. తనంతట తానే మోసుకుపోతుంది. ఆయన ఆ పిల్లను కూర్చోబెట్టి, ఆ బిళ్ళ గురించి నేర్చుకున్నదంతా అప్పజెప్పమన్నాడు. పాఠం అనేసరికి ఆమె గొంతు నిలబడింది.

ఆ బిళ్ళ వేసుకునేవాళ్ళ చిగుళ్ళు చూడాలి, ఒంటి మీద కమిలిన మచ్చలు చూడాలి, మలం నల్లగా ఉందేమో అడగాలి, మెత్తటి బ్రష్షు వాడమనాలి, నొప్పి బిళ్ళలు సొంతంగా మింగొద్దనాలి, ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచొద్దు ఉన్నట్టుండి మానొద్దు అనాలి, కండకు సూది వెయ్యకూడదు, ఈ రోజు వేసిన బిళ్ళ పని రెండు మూడు రోజులకు గాని కనపడదు కనక తొందరపడి మార్చకూడదు, రక్తపరీక్ష చూసే మార్చాలి. ఊపిరి తీసుకోకుండా ఇంత చెప్పి, అంతా టీచరమ్మ పాటలా నేర్పించిందే అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడంటే తనకు ఇప్పటికీ గౌరవమే అంది. వెళ్ళేటప్పుడు బోర్డు చూసి, జలగ నోట్లో ఉండేదీ రక్తాన్ని గడ్డ కట్టనివ్వదని చెప్పింది.

"అయితే మీ వార్డుకు తగినవాణ్ణే" అన్నాడు జలగ గారు.

నర్సింగు స్కూలు తరగతి గది విశాలంగా, మందుల వాసనతో ఉంది. మూల ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి కొక్కేనికి వేలాడుతూ వచ్చినవాళ్ళను చూసి నవ్వుతోంది. టీచరమ్మ చీర మడత నలగని మనిషి. ఎన్నో ఏళ్ళుగా ఎందరినో నర్సులను చేసింది. త్వరలో ప్రిన్సిపాలు కుర్చీ ఎక్కబోతోందని కిందనే కాపలా మనిషి గుమాస్తాకు చెప్పాడు. ఆవిడ జవాబులు ప్రశ్న పూర్తి కాకుండానే తయారయ్యేవి.

"ఆ పిల్ల రెండోసారి బిళ్ళ ఇవ్వడం చూశారా?"

"రెండోసారి మంచం దగ్గరికి వెళ్ళడం చూశాను."

"చేతిలో?"

"కప్పు."

"కప్పులో?"

"అంత దూరం నుంచి కప్పులో ఏముందో ఎలా కనపడుతుందండీ?"

"నేనూ అదే అనుకుంటున్నాను. ఆ మంచం ఆమెకు ఎప్పుడు అప్పగించారు?"

"ఆ సాయంత్రమే. మొదటిరోజే ఇంత పని చేసింది."

ఈ లోపల గుమాస్తా కళ్ళు అస్థిపంజరం పక్కనున్న బీరువా మీదికి పోయాయి. అక్కడ ఒక ఫ్లాస్కు ఉంది. దానికి నీలి గళ్ళ చొక్కా తొడిగి ఉంది. కాలరు, బొత్తాలు, జేబు, అన్నీ ఉన్నాయి. జేబులో రుమాలు కూడా పెడితే పెళ్ళిచూపులకు పోవచ్చు. గుమాస్తా పక్కుమన్నాడు. ఎవరో మరిచిపోయి వెళ్ళారని టీచరమ్మ అంది. అని, లేచి కిటికీ రెక్క సర్దింది. ఆ కిటికీ బాగానే ఉంది.

దర్జీ మంచం మీద పిండిన గుడ్డలా ఉన్నాడు. అంత నీరసంలోనూ గుమాస్తాను కంటితోనే కొలిచి, అతని ఒంటి మీది చొక్కా కుట్టినవాడికి ఎడమ భుజం అంటే పడదు కాబోలన్నాడు. నీళ్ళు అడిగానేమో, నిద్రమత్తులో గుర్తులేదన్నాడు. ఆస్పత్రిలో ఎలా ఉందంటే తిండి మీద విసుక్కున్నాడు. ఏది పెట్టినా తెల్లగానే ఉంటుందట, రంగు చూసి ఎన్నాళ్ళయిందోనట. బయటి తిండి గుమ్మం దాటనివ్వరట.

డాక్టరును వరండాలో పట్టుకున్నారు. ఆయన ఆగే రకం కాదు, ఆయన పక్కన పరుగు లాంటి నడక నడవాలి. దర్జీది మొండి రక్తం అన్నాడు. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్ళూ ఎంత మోతాదు పెంచినా పరీక్షలో చాలలేదనే వచ్చేది. ఇక లాభం లేదని వార్డులో చేర్చి, ఇంకాస్త పెంచి, వారం చివర పరీక్ష రాశాడు. ఆ వారం చివరే నెత్తురు వచ్చింది.

"అంత మందు ఇంట్లో ఎందుకు పట్టలేదండీ?"

"సరిగ్గా వేసుకుని ఉండడు. అందరూ అంతే."

"ఇప్పుడేం చేస్తారు?"

"కాస్త తేరుకున్నాక మళ్ళీ మొదలుపెట్టి ఇంటికి పంపుతాం. మందు లేకపోతే మళ్ళీ గడ్డ కడుతుంది. ఈసారి గడ్డ ఊపిరితిత్తులకు పోతే మనిషి దక్కడు" అంటూ డాక్టరు తలుపు వెనక మాయమయ్యాడు.

దర్జీ ఇల్లు అతని కుట్టుకొట్టు వెనకే. అందులో అడుగు పెట్టగానే గుమాస్తా నోరు తెరిచాడు. రేడియోకు కోటు, కుట్టుమిషనుకు చేతుల్లేని జాకెట్టు, నీళ్ళ కూజాకు గౌను, చివరికి చీపురు పిడికి లాగు కాలు. మిగిలిన ముక్కలు పారెయ్యడం దర్జీకి చేతకాదట. కనపడ్డ వస్తువుకల్లా ఏదో ఒకటి కుట్టేస్తాడట. గుమాస్తా తర్వాత రోజుల్లో ఈ కథ చెప్పినప్పుడు ఆ ఇంటి పిల్లికి నిక్కరు ఉందనేవాడు. పిల్లి లేదు.

కొట్లో దర్జీ తమ్ముడు ఇస్త్రీ చేస్తున్నాడు. కండలు తిరిగిన మనిషి, ఎవరేమడిగినా కోపమే. అన్నకు మోకాళ్ళ నొప్పి బిళ్ళలు తెచ్చిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. గుమాస్తా జలగ గారి చెయ్యి గిల్లాడు. తమ్ముడు అరలోంచి ఆ అట్ట తీసి విసిరేశాడు. ఒక్క బిళ్ళ కూడా చింపలేదు. వదిన ఒప్పుకోలేదట, ఆ రక్తం బిళ్ళ వేసుకునేవాళ్ళు ఇవి మింగకూడదందట.

ఆ వదిన, అంటే దర్జీ భార్య, గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు కొంగులో దాచుకుంది. కుర్చీ చూపించడానికి ఒక చెయ్యి బయటికి తీసినప్పుడు బొటనవేలి గోరు, దాని చుట్టూ చర్మం పచ్చగా, కొసలు నల్లగా కనిపించాయి. వెనక వాకిట్లో బోర్లించిన రోలు అంచుకూ అదే రంగు.

"ఇంట్లో బిళ్ళ సరిగ్గా వేసుకునేవాడామ్మా?"

"ఒక్క పూట తప్పలేదు బాబూ. నేనే నోట్లో వేసి నీళ్ళు తాగించేదాన్ని."

"అది దేనికో తెలుసా?"

"తెలియకేం. రక్తం పలచబడటానికి."

"రక్తం పలచబడటానికి" అని జలగ గారు మెల్లిగా తిరిగి అన్నాడు.

"అవును. అందరూ అదే చెప్పారు."

ఆయన ఇల్లంతా ఒకసారి కలయజూసి, "అన్నిటికీ బట్టలున్నాయి. మరి ఫ్లాస్కు ఏదమ్మా?" అన్నాడు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

దారిలో గుమాస్తా కేసు తేల్చేశాడు. తమ్ముడే, సందేహం లేదు. కొట్టు మీద కన్నేశాడు, చింపని అట్ట చూపించి చింపిన అట్ట దాచాడు. తమ్ముడంటే నీకెందుకంత కోపమని జలగ గారు అడిగితే, ఇస్త్రీ పెట్టె తన వైపు ఊపాడని చెప్పాడు. జలగ గారు నవ్వలేదు. ఈ కేసులో చెడ్డవాడు దొరికితే బాగుండుననే ఆయనా అనుకుంటున్నట్టుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ తరగతి గదిలోనే అందరినీ కూర్చోబెట్టాడు. డాక్టరు గడియారం చూసుకుంటూ తలుపు దగ్గర, తమ్ముడు చేతులు కట్టుకుని గోడకు, దర్జీ భార్య బల్ల చివర, అత్తా మేనకోడలూ ముందు వరసలో. టీచరమ్మ రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. జలగ గారు అస్థిపంజరం పక్కనే నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవరు లావో చెప్పడం కష్టం.

"ముందు ఈ అమ్మాయి సంగతి" అన్నాడు. "ఈ రోజు వేసిన బిళ్ళ ఎప్పుడు పనిచేస్తుంది డాక్టరుగారూ?"

"రెండు మూడు రోజులకు."

"ఈమె బిళ్ళ ఇచ్చింది సాయంత్రం. నెత్తురు వచ్చింది తెల్లవారి. ఆ మంచం దగ్గర ఈమెకు అదే మొదటిరోజు. రెండు కాదు, పిడికెడు పోసినా ఆ తెల్లవారి నెత్తురుకు ఈమె కారణం కాదు."

డాక్టరు గడియారం చూడడం మానేశాడు. రెండుసార్లు ఇచ్చిందని చెబితే ఎన్నాళ్ళ నుంచో ఇస్తోందనుకున్నానని, ఎప్పటి నుంచని అడగలేదని ఒప్పుకున్నాడు. అత్త మేనకోడలి చెయ్యి పట్టుకుని పిసికేస్తోంది. పిల్ల మాత్రం టీచరమ్మ వైపే చూస్తోంది. ఆ లెక్క తనకు నేర్పింది ఆవిడే మరి.

జలగ గారు బీరువా మీది ఫ్లాస్కు దించి బల్ల మీద పెట్టాడు. మూత తీశాడు. మాగిన ఆకు వాసన గదంతా కమ్మింది. బిరడా అడుగు పచ్చగా ఉంది.

"డాక్టరుగారు అన్నట్టు దర్జీది మొండి రక్తం కాదు. ఇంట్లో రోజూ సాయంత్రం బిళ్ళ ఒక పక్కకు లాగేది, రోజూ పొద్దున గ్లాసుడు ఆకురసం రెండో పక్కకు లాగేది. మీరు మోతాదు పెంచారు. చాలలేదన్న మాట విని అక్కడ ఆకు పెరిగింది. మీరు ఇంకా పెంచారు. ఆయన్ని వార్డులో చేర్చాక బయటి తిండి ఆపేశారు. తాడులాటలో ఒక పక్కవాళ్ళు ఉన్నట్టుండి చేతులు వదిలేస్తే ఏమవుతుంది? ఆ బిళ్ళకు ఎదురు లేకుండా పోయింది."

తమ్ముడు వదిన వైపు తిరిగాడు. ఆవిడ ఎవరినీ చూడడం లేదు, ఫ్లాస్కునే చూస్తోంది.

"ఈవిడను ఎవరూ ఏమీ అనకండి" అన్నాడు జలగ గారు. "దగ్గుకు మందు అంటాం. దగ్గు తగ్గాలని. జ్వరానికి మందు అంటాం. జ్వరం తగ్గాలని. రక్తం పలచబడటానికి మందు అని మీరంతా చెప్పారు. ఏమని అర్థం చేసుకోవాలి? నా భర్త రక్తం పలచబడిపోయింది, దానికి ఈ మందు ఇచ్చారు అనుకుంది. పాపం, రక్తం పట్టాలని మందుకు తోడు తన చేతనైన ఆకురసం కూడా నూరి పోసింది. నొప్పి బిళ్ళలు వద్దంటే ముట్టనివ్వలేదు, బిళ్ళ ఒక్క పూట తప్పించలేదు. చెప్పిందల్లా అక్షరాలా చేసిన మనిషి ఈవిడ. మన మాటే ఈవిడను తప్పుదారి పట్టించింది."

తర్వాత ఆయన టీచరమ్మ వైపు తిరిగాడు. గొంతు ఇంకా మెత్తబడింది. గుమాస్తాకు ఆ గొంతు తెలుసు. చిట్టచివరి ముడి విప్పేటప్పుడే అది వస్తుంది.

"ఆకు పెంచొద్దు, ఆకు మానొద్దు అని పాటలా నేర్పేది మీరే. ఈ ఫ్లాస్కు గుమ్మం దగ్గర ఈవిడ చేతిలోంచి లాక్కుందీ మీరే. ఏముందని అప్పుడు అడగలేదు. అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. నెత్తురు వచ్చిన తెల్లవారి మూత తీసి చూశారు. అప్పుడు మీకు అంతా తెలిసింది, అందుకే ఫ్లాస్కు ఎవరో మరిచిపోయారని నాతో అబద్ధమాడి, నేరం ఈ పిల్ల మీదికి తోశారు. అది పొరపాటు కాదు."

ఇక బుకాయిస్తుందనే గుమాస్తా ఎదురుచూశాడు. ఆవిడ బుకాయించలేదు.

"రూలు రూలే అని అరిచాను ఆవిడ మీద" అంది టీచరమ్మ. "లోపల ఏముందో అడిగుంటే సరిపోయేది. ఆ పాఠం చెబుతున్నదాన్ని, నేను అడగలేదు. ఈ సంగతి బయటపడితే ఇన్నేళ్ళ నా పరువు... ఈ అమ్మాయి చిన్నది, మళ్ళీ ఎక్కడో చేరి చదువుకుంటుంది అనుకున్నాను."

"దాన్ని ఎందుకు పారెయ్యలేదు?"

"చాలాసార్లు చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాను. దానికి చొక్కా ఉందండీ. చేతులు రాలేదు."

అత్త ఏదో అనబోతే మేనకోడలే ఆపింది. డాక్టరు ఆ అమ్మాయి పేరు మీద రాసిందంతా తానే వెనక్కు తీయిస్తానన్నాడు. మోతాదు మళ్ళీ మొదటినుంచి చూస్తానని, రోజు విడిచి రోజు పరీక్ష రాస్తానని గోడతో చెప్పినట్టు చెప్పాడు. కేసు తెమిలిపోయింది. మామూలుగా అయితే ఈ ఘట్టంలో గుమాస్తా ఛాతీ ఉబ్బించుకుని అందరి ముఖాలూ చూస్తాడు.

అప్పుడు దర్జీ భార్య నోరు విప్పింది.

"రసం మానేసినందుకే ఆయనకు ఇలా అయిందని, రోజూ నూరి పెట్టుకుంటున్నాను బాబూ, ఎలాగైనా లోపలికి చేర్చాలని" అంది. "అయితే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది నేనేనా?"

జలగ గారు ఫ్లాస్కు మూత బిగిస్తూ తల దించుకున్నాడు. బిగిసిన మూతనే మళ్ళీ బిగించాడు.

లేచింది ఆ పిల్ల. వెళ్ళి ఆవిడ పక్కన బల్ల మీద కూర్చుంది. పచ్చబడ్డ ఆ చేతులు రెండూ తన ఒళ్ళోకి తీసుకుంది.

"పెద్దమ్మా, పలచన అనే మాట మర్చిపోండి. ఆయన రక్తం బాగానే ఉంది. కాలిలో మళ్ళీ గడ్డ కట్టకుండా ఈ బిళ్ళ కాపలా కాస్తుంది, అంతే. మీ ఆకు మంచిదే, కాని ఆ కాపలాను నిద్రపుచ్చుతుంది. తినొచ్చు. ఎప్పుడూ ఒక్కలాగే, కొంచెమే తినాలి. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు అసలు లేకుండా ఉండకూడదు. మార్చాలనుకుంటే ముందు మాకు చెప్పాలి." ఆగి, ఆవిడ ముఖంలోకి చూసింది. "ఇప్పుడు మీరు నాకు చెప్పండి. ఈ బిళ్ళ దేనికి?"

ఆవిడ చాలాసేపు పెదవులు కదిపింది.

"గడ్డ కట్టకుండా" అంది. "పలచబడటానికి కాదు. గడ్డ కట్టకుండా."

"అంతే పెద్దమ్మా."

టీచరమ్మ తన కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎన్నో ఏళ్ళుగా ఎందరో పిల్లలకు ఆ పాఠం చెప్పిన ఆవిడ, ఆ ఒక్క ప్రశ్న తాను ఏ రోగినీ ఏ రోగి భార్యనూ అడగలేదన్నట్టు చూస్తూ నిలబడింది. తర్వాత తన దగ్గరున్న బీరువా తాళంచెవులు బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా బయటికి నడిచింది. ఆ పిల్ల అలవాటు కొద్దీ లేచి నిలబడబోయింది. ఒళ్ళో ఉన్న చేతులు వదల్లేక కూర్చుండిపోయింది.

దర్జీ భార్య ఫ్లాస్కును అందుకుంది. కాలరు దగ్గర ఊడిన బొత్తాన్ని తడిమి, కడిగి తెస్తాను, ఉత్త మంచినీళ్ళు పోసుకు రావచ్చా అని డాక్టరును అడిగింది. ఆయన తల ఊపాడు.

గుమాస్తా ఆ తర్వాత ఈ కథను వందమందికి చెప్పాడు. పిల్లికి నిక్కరు తొడిగాడు, అస్థిపంజరం చేత చప్పట్లు కొట్టించాడు, తమ్ముడి ఇస్త్రీ పెట్టెను తన చెవి పక్కనుంచి ఎగిరించాడు. కాని దర్జీ భార్య అడిగిన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు. అక్కడ ఏమీ కలిపేవాడు కాదు.